ఒంటిగంటకు నయమయ్యే జబ్బు

మూడో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల లిఫ్టు లేదు.

చేతిలోని చీటీ చూసుకుంటూ అడుగు ముందుకేసిన టెక్నీషియన్ ఆ సంగతి గమనించాడో లేదో తెలియదు. గమనించినా ఆగే వీలు లేకపోయింది. ఆ క్షణంలోనే అతని వీపు మీద ఒక చెయ్యి పడింది. అది స్నేహంగా పడిన చెయ్యి కాదు.

పోలీసులు వచ్చి 'ప్రమాదం' అని రాసుకుని వెళ్లిపోయారు. 'లిఫ్టు పనిచేయదు' అనే బోర్డు మాత్రం శవాన్ని తీశాక వేలాడదీశారు.

ఆ సాయంత్రం, వెయ్యి మైళ్ల ఇవతల హెడ్డాఫీసులో చీఫ్ ఒక ఫొటోను బల్ల మీద ముందుకు తోశాడు. మార్చురీలో పనిచేసే తమ మనిషి తీసి పంపిన ఫొటో అది. అందులో ఉన్నది టెక్నీషియన్ చేతిలోని చీటీ. చీటీ మీద మూడే మాటలు.

రెండు కాదు, మూడు.

"ఏమిటి మూడు?" అన్నాడు మెకానిక్.

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

డిపార్ట్‌మెంటులో అతన్ని అందరూ మెకానిక్ అనే అంటారు. ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ఇద్దరు హంతకుల్ని పట్టుకున్నాడు. జనరేటర్ మెకానిక్ వేషంలో ఒక మంత్రిగారి డ్రైవర్ని పట్టించాడు. వేషాల కోసం నేర్చుకున్న పనులన్నీ నిజంగానే అబ్బేశాయి. ఇంట్లో వంటగది కుళాయి మాత్రం ఏడాదిగా కారుతూనే ఉంది. అది వేరే కేసు.

"విను," అన్నాడు చీఫ్. "మన దగ్గర ఒక కంప్యూటర్. అక్కడి బ్రాంచిలో ఒక కంప్యూటర్. మధ్యలో ఎన్‌క్రిప్టెడ్ టన్నెల్, అంటే ఇంకెవరూ వినలేని రహస్య లైను. బ్రాంచికి బయట బోర్డు పంపుల ఎగుమతి కంపెనీ అని. నాలుగు నెలలుగా ఆ టన్నెల్ పడుతోంది, లేస్తోంది. బాగుచేయమని టెక్నీషియన్ని పంపిస్తే వాణ్ణి లిఫ్టు గుంతలో పడేశారు. అంటే అది వైరు జబ్బు కాదు."

"లోపలివాళ్ల పనా?"

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టుకోవాలి. రేపు సాయంత్రం నాలుగింటిలోపు."

"నాలుగింటికేం?"

చీఫ్ లేచి తలుపు సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చాడు.

"నాలుగు గంటల సున్నా సెకన్లకి ఈ టన్నెల్లో ఒక ఫైలు వెళ్తుంది. రింగు అనే గూఢచారి ముఠాలో ఉన్న మన మనిషి పావురం ఫొటో, కొత్త పాస్‌పోర్టు. అక్కడ ప్రింటు చేసి అయిదింటికి అతని చేతిలో పెట్టి విమానం ఎక్కించాలి. రేపు రాత్రి రింగు తన మనుషులందర్నీ ఒక్కొక్కర్నీ నిలబెట్టి సోదా చేస్తుంది. అప్పటికి అతను అక్కడ ఉండకూడదు. అతనెవరో ఇప్పటిదాకా వాళ్లకి తెలీదు. ఆ ఫైలు వాళ్ల చేతిలో పడితే తెలుస్తుంది."

మెకానిక్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పావురం ఎవరో చీఫ్‌కి కాక లోకంలో మరొక్కరికే తెలుసు. ఆ ఒక్కడూ తనే. పావురం అతని తోడల్లుడు. మూడేళ్లుగా విదేశంలో పంపులు అమ్ముకుంటున్నాడని మరదలి నమ్మకం. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "బావగారూ, ఈయనకి ఆ పంపులు తప్ప ఇల్లు గుర్తుండదా?" అని అడుగుతుంది. ప్రతి ఆదివారం మెకానిక్ ఏదో ఒక అబద్ధం చెబుతాడు. చెప్పి ఆ పూట సరిగ్గా తినలేడు.

"పాస్‌పోర్టు నా జేబులో పెట్టి పంపించండి."

"అక్కడి ఎయిర్‌పోర్టులో మన టెక్నీషియన్ చెప్పుల అడుగులు కూడా ఊడదీసి చూశారు. నీ జేబులో ఉన్నది వాళ్ల జేబులో ఉన్నట్టే. ఫోన్లూ అంతే, వాళ్లు వింటున్నారు. ఉన్న దారి ఆ టన్నెల్ ఒక్కటే." చీఫ్ మూడు ఫొటోలు పరిచాడు. "బ్రాంచిలో ఉండేది ముగ్గురు. టన్నెల్ గదిలోకి వెళ్లే హక్కు ఇద్దరికే. ఇతను ఆపరేటర్, అందరూ బాబాయ్ అంటారు. ఈమె ట్రాన్స్‌లేటర్. రెండేళ్ల క్రితం దాకా రింగు మనిషి, తర్వాత మనవైపు వచ్చింది."

"వచ్చిందా, పంపించారా?"

"అదే నా అనుమానమూనూ. మూడోవాడు మేనేజర్. బోర్డు నిలబెట్టడానికి తప్ప దేనికీ పనికిరాడు. ఆ గది గడప కూడా తొక్కడు."

*

మర్నాడు పదకొండింటికి, భుజాన సంచి వేసుకుని మెకానిక్ మెట్లెక్కాడు. సంచిలో లాప్‌టాప్, కేబుల్ టెస్టర్, నైలాన్ కేబుల్ టైల కట్ట, పిడిలో మత్తు సూది దాచిన స్క్రూడ్రైవర్. ఆ పిడికి ఉన్న ఎర్ర రింగు తిప్పితే ఏనుగైనా మూడు సెకన్లలో నిద్రపోతుందని డిపార్ట్‌మెంటు స్టోర్సువాళ్లు చెప్పారు. ఏనుగు మీద ప్రయత్నించారో లేదో చెప్పలేదు.

ముందు గదిలో నీలంరంగు పంపు ఒకటి అద్దాల పెట్టెలో మెరుస్తోంది. దాని పక్కన ఒకామె కూర్చుని ఉంది. కత్తిరించిన జుట్టు, పొడవాటి చెవిపోగులు, ఎత్తుమడమల జోళ్లు. తల ఎత్తి చూసిన ఆ చూపులో ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే తెలివి ఉంది.

"మీ పంపు నీళ్లు తోడకుండా గాలి తోడుతోందని కంప్లయింటు వచ్చింది," అన్నాడు మెకానిక్. అది కోడ్.

"గాలికి గ్యారంటీ లేదండీ," అంది ట్రాన్స్‌లేటర్. అదీ కోడే. తర్వాత చిన్నగా నవ్వి, "నిన్నాయన కూడా ఇదే అన్నాడు. పాపం, లిఫ్టు చూసుకోలేదు," అంది.

'పాపం' అన్న మాటలో జాలి ఎంతుందో మెకానిక్ తూచి చూశాడు. తేలలేదు.

లోపలి కాబిన్‌లోంచి మేనేజర్ ఎదురొచ్చి రెండు చేతులతో కరచాలనం చేశాడు. మెత్తటి చేతులు, మెత్తటి మాట. "ఏం కావాలన్నా నన్నడగండి. ఆ గది సంగతి నాకేం తెలీదు గానీ కుర్చీలు, టీలు నా డిపార్టుమెంటే." కేకేసి టీ తెప్పించాడు. తన కప్పు బల్ల దగ్గరికి వచ్చేదాకా కుర్చీలోంచి కదలని మనిషి అని అప్పుడే తెలిసిపోయింది. మెకానిక్‌కి అతని మీద ఏ అనుమానమూ కలగలేదు. వృత్తిలో ఇరవై ఏళ్లుగా ఉన్నవాడు అక్కడే చేశాడు పొరపాటు.

టన్నెల్ గది చిన్నది. కిటికీ లేదు. ఒక కంప్యూటర్, దాని నెత్తిన ఒక దీపం. పచ్చగా ఉంటే టన్నెల్ నిలబడినట్టు, ఎర్రగా ఉంటే పడినట్టు. కంప్యూటర్ ముందు కళ్లద్దాలు, స్వెట్టరు, చెవి వెనక పెన్నుతో బాబాయ్ కూర్చుని ఉన్నాడు. దీపం ఎర్రబడగానే చేతి గడియారం చూసి, నాలుగంగుళాల మందం ఉన్న రిజిస్టర్లో ఏదో రాసుకున్నాడు.

"ఏం రాస్తున్నారు బాబాయ్?"

"పదకొండు ఇరవై రెండు, నలభై సెకన్లకి పడింది బాబూ. లేచాక అదీ రాస్తా."

"సెకన్లతో సహానా?"

"సెకన్లు లేని టైము టైమెలా అవుతుంది?"

మెకానిక్ పని మొదలుపెట్టాడు. అనుమానితుల్ని ఒక్కొక్కరినే నిలదీయడం అతనికి అలవాటు. ముందు కేబుల్ని. టెస్టర్ పెట్టి ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు, నిర్దోషి అని తేలింది. తర్వాత గడియారాల్ని. రెండు కంప్యూటర్ల టైములో తేడా వస్తే కొన్ని టన్నెళ్లు మొరాయిస్తాయి. ఇక్కడ తేడా లేదు. తర్వాత ప్యాకెట్ సైజు. పెద్ద ఫైళ్లు దారిలో ఇరుక్కుని చిన్నవి మాత్రం పోయే రోగం ఒకటుంటుంది. అదీ కాదు. టన్నెల్ ఉన్నప్పుడు ఎంత పెద్ద ఫైలైనా పరుగెడుతోంది, లేనప్పుడు ఒక్క అక్షరం కూడా పోవడం లేదు.

పన్నెండు యాభై ఎనిమిదికి, ఇంకేం తోచక, కంప్యూటర్ వెనక ప్లగ్గు పీకి, ఊది, మళ్లీ పెట్టాడు. ప్రపంచంలో మెకానిక్‌లందరి ఆఖరి వైద్యం అదే. సరిగ్గా ఒంటిగంటకు దీపం పచ్చబడింది. అయిదు నిమిషాలు గడిచాయి, పచ్చగానే ఉంది. పది నిమిషాలు, పదిహేను. మెకానిక్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మనసులో తోడల్లుడు అప్పుడే విమానం ఎక్కేశాడు.

బాబాయ్ ఒంటిగంటకు నిమిషం ముందే భోజనానికి లేచి వెళ్లాడు. ఒకటి ముప్ఫై రెండుకు మూతి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఆయన కుర్చీ చప్పుడు, దీపం ఎర్రబడటం ఒకేసారి జరిగాయి.

మెకానిక్ కాళ్లు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"బాబాయ్, ఆ రిజిస్టర్ ఒకసారి ఇస్తారా?"

నాలుగు నెలల పేజీలు తిప్పాడు. రోజుకి ముప్ఫై, నలభై సార్లు పడటం, లేవడం. గుండ్రటి చేతిరాత, సెకన్లతో సహా. కానీ ఏ రోజు చూసినా ఒంటిగంట నుంచి ఒకటిన్నర మధ్య ఒక్క గీత లేదు. ఒక్క రోజు కూడా లేదు. రాసే మనిషి లేకపోవడం వల్లనేమో అని కంప్యూటర్ తనంతట తను రాసుకునే పట్టిక కూడా చూశాడు, అందులోనూ ఆ అరగంట ఖాళీయే. మధ్యలో ఇంకేవేవో కూడా రాసి ఉన్నాయి. 'పాంట్రీకి కొత్త నీళ్ల ఫిల్టర్ వచ్చినది.' 'పాంట్రీలో ఒకే సాకెట్ పనిచేయుచున్నది, రెండవది కావలెను.' దాని పక్కన మేనేజర్ చేతిరాత: 'చూద్దాం.' అవన్నీ చదవకుండా దాటేశాడు.

యంత్రానికి వచ్చిన జబ్బు భోజనానికి వెళ్లదు. భోజనానికి వెళ్లేది మనిషి. ఈ గదిలో ఒంటిగంటకు భోజనానికి వెళ్లే మనిషి ఒక్కడే.

మెకానిక్ ఆ పెద్దాయన వైపు చూశాడు. అరిగిన స్వెట్టరు మోచేతులు, చెవి వెనక పెన్ను. 'ఈయనా?' అనిపించి బాధేసింది. బాధ వేసినంత మాత్రాన అనుమానం పోలేదు.

*

రెండింటికి వరండాలో ట్రాన్స్‌లేటర్ తనే వచ్చి పక్కన నిలబడింది.

"నా బల్ల సొరుగులు వెతికారా?"

"లేదు."

"అబద్ధం. మూడో సొరుగు మీరు సరిగ్గా మూయలేదు." ఆమె గొంతులో కోపం లేదు. "రెండేళ్లుగా అందరూ వెతుకుతున్నారు. నాకు అలవాటైపోయింది. ఒకటి చెప్పనా? నేను మధ్యాహ్నం తినను. ఒంటిగంటకు నా కుర్చీలోనే ఉంటాను. లేనిదెవరో చూసుకోండి."

"అడక్కుండానే చెబుతున్నారే."

"అడిగాక చెబితే మీరు నమ్మరుగా. ఇంతకీ మీరు నిజంగా టెక్నీషియనేనా?"

"మీరు నిజంగా ట్రాన్స్‌లేటరేనా?"

ఇద్దరూ నవ్వారు. ఒకరి చేతుల్ని ఒకరు చూసుకుంటూనే నవ్వారు.

మూడింటికి దీపం పూర్తిగా ఎర్రబడిపోయింది. ఇక లేవడం, పడటం లేదు. ఉంటే గింటే రెప్పపాటు పచ్చదనం, అంతే. మెకానిక్ తన లాప్‌టాప్‌ని ఆఫీసు రూటర్‌కి కలిపాడు. ఆఫీసులోంచి బయటికెళ్లే ప్రతి కనెక్షనూ రూటర్ పట్టికలో ఉంటుంది. హెడ్డాఫీసు కంప్యూటర్‌కి వెళ్లేది ఒక్కటే ఉండాలి.

రెండు ఉన్నాయి.

చచ్చిపోయినవాడి చీటీ ఇప్పుడు అర్థమైంది. టన్నెల్‌కి ఉన్నవి రెండు కంప్యూటర్లు కాదు, మూడు.

టన్నెల్ అంటే కొండని తొలిచే సొరంగం కాదు. అందరూ తిరిగే ఇంటర్నెట్ దారి మీదే రెండు కంప్యూటర్లు తమకు మాత్రమే తెలిసిన తాళాలతో గుట్టుగా మాట్లాడుకోవడం. బ్రాంచి కంప్యూటర్ ఇరవై అయిదు సెకన్లకోసారి తలుపు తట్టి, తన తాళంచెవి చూపించి, 'నేనే' అంటుంది. హెడ్డాఫీసు కంప్యూటర్ ఒక అమాయకపు పోస్ట్‌మన్ లాంటిది. ఆఖరున తాళంచెవి చూపించినవాళ్లు ఎవరైతే, ఉత్తరం వాళ్ల చేతికే ఇస్తుంది. ఎవరో ఆ తాళంచెవికి నకలు తీశారు. నకలున్న మూడో కంప్యూటర్ కూడా తలుపు తడుతోంది. ఇద్దరూ మార్చి మార్చి తట్టడం వల్లే నాలుగు నెలలుగా టన్నెల్ పడి లేస్తోంది. మూడింటి నుంచి ఆ దొంగ కంప్యూటర్ సెకనుకోసారి తడుతోంది. నాలుగింటికి ఉత్తరం దానికే అందుతుంది.

పైగా అది ఈ ఆఫీసులోనే, ఈ లైను మీదే ఉంది. బయటెక్కడో ఉంటే అడ్రసు మారి చీఫ్ కంటపడేది. ఒకే కప్పు కింద ఉంది కాబట్టి హెడ్డాఫీసుకి రెండూ ఒకటిగానే కనిపిస్తున్నాయి.

రూటర్లో దాన్ని ఆపేస్తే సరి. కానీ మెకానిక్ దగ్గరున్నది చూసే పాస్‌వర్డు. మార్చే పాస్‌వర్డు మేనేజర్ దగ్గరుంది. గదిలోకి వెళ్లే హక్కున్న ఇద్దరి మీదే అనుమానం కాబట్టి, ఆ హక్కు లేని మూడోవాడి దగ్గరికి మెకానిక్ నేరుగా వెళ్లాడు.

"రూటర్ పాస్‌వర్డు కావాలి సార్. ఇంకొకటి, టన్నెల్ తాళంచెవి బ్యాకప్ మీ సేఫ్‌లో ఉంటుందట కదా, ఒకసారి చూడాలి."

మేనేజర్ ముఖం నిండా నవ్వాడు. సేఫ్ తీసి, సీలు వేసిన కవరు ఇచ్చాడు. "ఇదిగో, చేరినప్పటి నుంచి ఇలాగే ఉంది. నేను తాకింది కూడా లేదు. పాస్‌వర్డు ఎక్కడో రాసిపెట్టాను, పది నిమిషాల్లో వెతికి తెస్తాను. నిన్న మీవాడు కూడా ఇదే అడిగాడు."

గది గుమ్మం దాకా వచ్చాక గానీ ఆ ఆఖరి మాట మెకానిక్ చెవికెక్కలేదు. నిన్నటివాడు పాస్‌వర్డు అడిగాడు. ఆ తర్వాతే లిఫ్టు గుంతలో పడ్డాడు.

గడియారం మూడు నలభై అయిదు చూపిస్తోంది. కవరు బాబాయ్ ముందు పెట్టాడు. పెన్‌డ్రైవ్ లోపలే ఉంది. అంటింపు మీదుగా సంతకం, తేదీ, టైము అన్నీ ఉన్నాయి.

"ఇది మీ సంతకమేనా బాబాయ్?"

బాబాయ్ కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"సంతకం నాదిలాగే ఉంది. కానీ నేను పెట్టింది కాదు."

"ఎలా తెలుసు?"

"పది ఇరవై అని ఉంది బాబూ. సెకన్లేవీ?" పెద్దాయన ఆ అంకెల మీద వేలు పెట్టాడు. "ముప్ఫై ఏళ్ల సర్వీసులో సెకన్లు లేకుండా నేను సంతకం పెట్టలేదు."

అంటే సేఫ్‌లోని కవరు విప్పి తాళంచెవికి నకలు తీసినవాడే మళ్లీ అంటించి ఈ సంతకం గీశాడు. ఈ మనిషినా పొద్దుట్నుంచీ అనుమానించింది? సిగ్గేసింది. కానీ సిగ్గుపడటానికి కూడా టైము లేదు.

"బాబాయ్, ఆలోచించి చెప్పండి. రోజూ ఒంటిగంటకు మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను, అన్నం తింటాను."

"అన్నం తినే ముందు?"

"పాంట్రీలో క్యారియర్ వేడి చేసుకుంటా. అక్కడ ఒకటే సాకెట్టు. రెండోది కావాలని మూడుసార్లు రాశాను, 'చూద్దాం' అన్నారు. ఏం చేస్తాం, నీళ్ల ఫిల్టర్ ప్లగ్గు పీకేసి నా హీటర్ పెట్టుకుంటా. తిన్నాక మళ్లీ దాని ప్లగ్గు దానికి పెట్టేస్తా. సార్‌కి చెప్పకు బాబూ, ఫిల్టర్ ముట్టుకోవద్దని ఆయన ఆర్డరు. స్వయంగా తెచ్చి పెట్టించారు, నాలుగు నెలలైంది."

నాలుగు నెలల క్రితం వచ్చిన ఫిల్టర్. నాలుగు నెలల క్రితం మొదలైన జబ్బు. మెకానిక్ పాంట్రీకి పరుగెత్తబోయాడు.

తలుపు తెరుచుకుంది. గడప మీద మేనేజర్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ తొక్కని గడపని ఈ రోజు తొక్కాడు. కుడి చేతి మీద ఒక ఫైలు పరిచి ఉంది. ఫైలు కింద ఏముందో మెకానిక్‌కి కనిపించే కోణంలో, బాబాయ్‌కి కనిపించని కోణంలో పట్టుకున్నాడు.

"కూర్చోండి," అన్నాడు మెత్తగా. "బాబాయ్, మీరు కాసేపు బయట కూర్చోండి. మేం మాట్లాడుకోవాలి."

బాబాయ్ కవరు పట్టుకుని లేచాడు. "సార్, ఈ కవరు మీద..."

"బాబాయ్," అన్నాడు మెకానిక్ అడ్డుపడి. "గొంతు ఎండిపోతోంది. కాస్త టీ పెట్టిస్తారా?"

పెద్దాయన ఆగి మెకానిక్ ముఖంలోకి చూశాడు. కవరు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"నేనే పెడతా. సార్, మీకూ?"

మేనేజర్ ఒక్క క్షణం ఆలోచించాడు. తన టీ ఏ గదిలో, ఏ సాకెట్టు మీద కాగుతుందో ఏనాడూ పట్టించుకోని మనిషి.

"నాకూ ఒకటి," అన్నాడు. "చక్కెర రెండు చెంచాలు."

మూడు యాభై రెండు. బాబాయ్ గుమ్మం దాకా వెళ్లి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి, రిజిస్టర్ తెరిచి, గడియారం చూసి రాశాడు: 'సార్‌కి టీ, ఆర్డరు.' సెకన్లు కూడా రాశాడు. ఆ రెండు గీతలు గీసేలోపు మెకానిక్‌కి రెండేళ్ల వయసు పెరిగింది. తర్వాత పెద్దాయన తన మామూలు నడకతో బయటికి వెళ్లాడు. అది ఏనాడూ ఏ బస్సు వెనకా పరుగెత్తని నడక.

"తెలివైనవాడివే," అన్నాడు మేనేజర్ ఫైలు తీసేస్తూ. పిస్తోలు చిన్నది, నల్లది. "నిన్నటివాడు కూడా అంతే. మూడు అని లెక్క తేల్చాడు. ఎక్కడుందో మాత్రం అడగలేదు. నువ్వూ అడగకు."

"అడగను. ఎన్నాళ్ల నుంచి?"

"చీఫ్ నన్ను కుర్చీలు, టీల డిపార్టుమెంటులో పడేసినప్పటి నుంచి. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. ఈ గదిలోకి అడుగుపెట్టొద్దన్నాడు నన్ను. ఇప్పుడు అడుగుపెట్టాను చూడు." మెత్తటి గొంతులో మొదటిసారి గరుకుదనం వినిపించింది.

మూడు యాభై ఏడు. తలుపు మళ్లీ తెరుచుకుంది. వచ్చింది బాబాయ్ కాదు, ట్రాన్స్‌లేటర్.

"తలుపు వేసెయ్," అన్నాడు మేనేజర్ ఆమె వైపు తిరక్కుండానే.

ఆమె తలుపు వేసింది. పిస్తోలు చూసింది. కెవ్వుమనలేదు, అడగలేదు. నడిచొచ్చి మేనేజర్ పక్కన నిలబడింది. మెకానిక్ చూపు బల్ల మీది స్క్రూడ్రైవర్ వైపు వెళ్లింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లని పట్టుకోవచ్చు. ఈమె తన భుజాలు తనే చూపించి నవ్వింది.

"అతని చేతికందేచోట స్క్రూడ్రైవర్ ఉంది," అంది ఆమె. "తీసేస్తున్నా." బల్ల మీంచి దాన్ని తీసుకుంది.

"నువ్వు మా మనిషివని మావాళ్లు చెబుతూనే ఉన్నారు," అన్నాడు మేనేజర్ తృప్తిగా. "నేనే నమ్మలేదు."

"ఎవరూ నమ్మరు," అంది.

మూడు యాభై తొమ్మిది. దీపం ఎర్రగానే ఉంది. మెకానిక్ ఆ దీపాన్నే చూస్తున్నాడు. పాంట్రీలో పెద్దాయన ఏం చేస్తున్నాడు? టీపొడి వెతుకుతున్నాడా? కప్పులు కడుగుతున్నాడా? కడిగితే ఒక్కొక్క కప్పూ ఎన్ని సెకన్లు కడుగుతాడు? మరదలి గొంతు చెవిలో వినిపించింది. వచ్చే ఆదివారం ఆమెకి ఏం చెప్పాలి? ఆ ఫోన్ మోగితే ఎత్తే ధైర్యం తనకి ఉండదని అతనికి తెలుసు.

యాభై తొమ్మిది దాటి ముప్ఫై సెకన్లు. ముప్ఫై ఎనిమిది.

గోడ అవతల కెటిల్ సన్నగా గురగురమంది.

కెటిల్ గురగురమందంటే ప్లగ్గు పెట్టినట్టు. దాని ప్లగ్గు పెట్టాలంటే ఇంకోదాని ప్లగ్గు పీకాలి. ఇక మన కంప్యూటర్ తలుపు తట్టే వంతు వస్తే చాలు. మెకానిక్ సెకన్లు లెక్కపెట్టాడు.

నలభై ఆరో సెకనులో దీపం పచ్చబడింది. ఈసారి రెప్పపాటు కాదు, నిలబడింది.

"ఏం చేశావ్?" అన్నాడు మేనేజర్.

"నేనేం చేయలేదు. టీ అడిగానంతే. మీరూ అడిగారు."

మేనేజర్‌కి అర్థం కాలేదు. కానీ పచ్చరంగు తనకి మంచిది కాదని మాత్రం అర్థమైంది. ఒక్క ఉదుటున కంప్యూటర్ వెనక కేబుల్ మీదికి ఎడమచెయ్యి చాచాడు. ఆ చెయ్యి కేబుల్‌ని అందుకునేలోపు అతని మెడ మీద ఏదో చల్లగా తగిలింది. ట్రాన్స్‌లేటర్ ఎర్ర రింగు తిప్పేసింది. మెకానిక్ లేచి పిస్తోలు చెయ్యి పట్టుకుని పైకి మెలితిప్పాడు. గుండు పైకప్పులోకి పోయింది.

మూడు సెకన్లు. స్టోర్సువాళ్లు నిజమే చెప్పారు. మేనేజర్ మెత్తగా, తన మాటలాగే మెత్తగా, నేల మీదికి జారాడు.

నాలుగు గంటల సున్నా సెకన్లు. తెర మీద ఫైలు వచ్చి వాలింది.

మెకానిక్ కేబుల్ టైలతో మేనేజర్ చేతులు కట్టేస్తూ తలెత్తి చూశాడు. "ఎర్ర రింగు తిప్పాలని మీకెలా తెలుసు?"

"ఈ మోడల్ మేం అక్కడ కూడా వాడేవాళ్లం."

"మరి ఇంతసేపు ఎందుకు ఆగారు?"

"మీరు ఎవరి మనిషో నాకేం తెలుసు? పొద్దున నా సొరుగులు వెతికారు. పిస్తోలు ఎదురుగా పెట్టుకుని టీ అడిగేవాణ్ణి ఎలా నమ్ముతాను? దీపం పచ్చబడ్డప్పుడు మీ ముఖం చూశాను. అప్పుడు నమ్మాను." చెవిపోగు సరిచేసుకుంది. "మీరు?"

"నేనింకా ఆలోచిస్తున్నాను."

"మంచిది. అలవాటు పోగొట్టుకోకండి."

తలుపు తోసుకుని బాబాయ్ ట్రేతో వచ్చాడు. నేల మీద పడుకున్న మేనేజర్ని, పైకప్పులో పడ్డ చిల్లుని, ఇద్దరి ముఖాల్నీ చూశాడు.

"తుపాకీ చప్పుడైంది," అన్నాడు. "నాలుగూ సున్నా సున్నాకి నాలుగు సెకన్లు ముందు. రాసుకోవాలి." తర్వాత ట్రే వైపు చూసి నొచ్చుకున్నాడు. "సార్‌కి రెండు చెంచాలు చక్కెర వేసేశానే."

పాంట్రీలో ఫిల్టర్ మూత ఊడదీస్తే, లోపల నీళ్లు వడగట్టే సామానేదీ లేదు. అరచేతి వెడల్పు కంప్యూటర్ ఒకటి ఉంది. నాలుగు నెలలుగా ఆఫీసంతా తాగింది మామూలు కుళాయి నీళ్లే. ఎవరికీ ఏమీ కాలేదు.

*

అయిదింటికి పంపులు కొనడానికి ఒక కస్టమర్ వచ్చాడు. చెంపలు నెరిశాయి, చొక్కా వదులైంది. మూడేళ్లలో మనిషి సగమయ్యాడు. పాస్‌పోర్టు అందుకుని, ఇచ్చినవాడి ముఖం చూసి అలాగే నిలబడిపోయాడు.

"అన్నయ్యా," అన్నాడు పావురం. "మీరు పంపుల కంపెనీలో ఎప్పుడు చేరారు?"

"నువ్వు చేరినప్పుడే. ఆదివారాల డ్యూటీ నాది."

"మా ఆవిడ..."

మెకానిక్ తోడల్లుడి భుజం గట్టిగా పట్టుకుని, బల్ల మీద మిగిలిన కప్పు అతని చేతిలో పెట్టాడు. రెండు చెంచాల చక్కెర టీ అది. చల్లారిపోయినా పావురం చుక్క మిగల్చకుండా తాగాడు.

వారం తర్వాత చీఫ్ బల్ల మీదికి బ్రాంచి రిజిస్టర్ పేజీ ఒకటి వచ్చింది. ఆపరేటర్‌కి ఏం బహుమానం కావాలో అడగమని చీఫే చెప్పాడు. దానికి జవాబు గుండ్రటి చేతిరాతలో, సెకన్లతో సహా ఉంది:

'పదకొండు గంటల అయిదు నిమిషాల పన్నెండు సెకన్లు. పాంట్రీకి రెండవ సాకెట్ కావలెను. కారణం: దేశభద్రత.'

చీఫ్ రెండుసార్లు చదివాడు. ఆ ఆఫీసులో ఒకే సాకెట్టు ఉండబట్టి ఏం జరిగిందో, రెండుంటే ఏం జరిగేదో కాసేపు ఆలోచించాడు. తర్వాత పెన్ను తీసి, పక్కనే రాశాడు.

'చూద్దాం.'